నాలుగో చిట్కా

గురుగ్రామ్
జనవరి 12

పిన్నీ,

ఫోన్ చేస్తే నీకు సగమే వినపడుతుంది, ఆ సగానికీ కోపం వస్తుంది. అందుకని నువ్వు చెప్పినట్టే మెయిల్లో ఉత్తరం రాస్తున్నాను. పైన ఊరు, తేదీ వేశాను చూడు. లేకపోతే తిప్పి పంపేస్తావని భయం.

నీతో ఒక పని పడింది. మీ సొసైటీ గేటు దగ్గరికి ఎవరొచ్చినా నీ ఫోన్లో 'రానివ్వాలా' అని అడుగుతుందే, దెహ్లీజ్ అని, ఆ యాప్ చేసేది మా కంపెనీయే. అందులో కొత్తగా ఒక సదుపాయం పెడుతున్నాం. ఇంతకాలం పనివాళ్లకి గేటు పాస్ ఇవ్వాలన్నా, ఆపాలన్నా సెక్రటరీ దగ్గరికి వెళ్లి రిజిస్టర్లో సంతకం పెట్టాలి కదా. ఇకనుంచి ఇంట్లో కూర్చుని ఫోన్లోనే చేసుకోవచ్చు. మొదటిసారి తెరిచినవాళ్లకి ఎక్కడ ఏం నొక్కాలో చెప్పడానికి తెర మీద చిన్న గళ్లలో ఒక్కొక్క చిట్కా వస్తుంది. అవి రాయడమే నా ఉద్యోగం. మొత్తం ఐదు. ఏజెన్సీవాళ్లు పంపిన తెలుగు చదివితే నీకు జ్వరం వస్తుంది. మినిస్ట్రీలో ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్టులు రాసి సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషిని ఇంట్లో పెట్టుకుని బయట వెతకడం ఎందుకని, తెలుగువి నీ చేత రాయిస్తానన్నాను.

ఒక్కోటి నలభై అక్షరాలు దాటకూడదు. చదివేవాళ్లు ఎక్కడా తట్టుకోకుండా సాగిపోవాలి. మా మేనేజర్ రఘువీర్ రోజూ అనే మాట ఇది: "యూజర్ ఆగి ఆలోచించాడంటే మనం ఫెయిల్ అయినట్టే." తెరల బొమ్మలు జతచేశాను.

సరోజ్ దీదీని అడిగానని చెప్పు. కాలేజీలో చదివేటప్పుడు నీ ఇంట్లో ఉన్న మూడేళ్లూ నా డబ్బా కట్టింది ఆవిడే. డెంగీ వచ్చినప్పుడు ఆవిడ పోసిన పల్చటి కిచిడీ వల్లే నేను లేచాను, నీ ఉపన్యాసాల వల్ల కాదు.

నీ
హారిక

*

మయూర్ విహార్
జనవరి 19

హారికకు పిన్ని దీవెనలు.

ఐదు వాక్యాలకి వారం పట్టింది. నవ్వకు. నేను సర్వీసులో ఉండగా మూడు లైన్ల సర్క్యులర్‌కి నెల పట్టిన సందర్భాలున్నాయి. వాటిని తర్వాత ఎవరూ తప్పుగా చదవలేదు.

నాలుగోది తప్ప మిగతావన్నీ నీ నలభై అక్షరాల్లో ఇమిడాయి. నాలుగోది ఇమడదు. నువ్వు పంపిన బొమ్మలో 'పని ఆపండి' అన్నది నొక్కగానే 'మీ ఇంటికేనా, కాలనీ మొత్తానికా' అని ప్రశ్న వస్తోంది. అక్కడ పొరపాటు పడితే ఒక మనిషి పొట్ట కొట్టినట్టే. సరోజ్‌నే తీసుకో. నా దగ్గర పదకొండేళ్లుగా చేస్తోంది, ఇక్కడే ఇంకో ఆరిళ్లు చూసుకుంటుంది. ఎవరో కళ్లజోడు లేకుండా రెండోది నొక్కారనుకో, మర్నాటినుంచి ఆమెను గేట్లోకే రానివ్వరు. అందుకని ఇలా రాశాను:

"కొన్నాళ్లు పని వద్దనుకుంటే ఇది నొక్కండి. తర్వాత 'మా ఇంటికే' అన్నది ఎంచుకోండి. 'కాలనీ మొత్తం' నొక్కితే ఆమెకు అన్ని ఇళ్ల పనీ పోతుంది."

మూడు వాక్యాలు. ఒక్కటి కూడా తీయడానికి వీల్లేదు. ఆలోచించాల్సిన చోట మనిషి ఆగాలని, ఆఫీసుల్లో సంతకాలు పెట్టించేది అందుకేనని మీ రఘువీర్‌కి చెప్పు. ఆఫీసు కాపీ నా ఫైల్లో ఉంది.

నువ్వు అడిగావంటే సరోజ్ మురిసిపోయింది. "బిటియా షాదీ కబ్ కరేగీ?" అని నీ పెళ్లెప్పుడో అడిగింది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

అన్నపూర్ణేశ్వరి పిన్ని

*

గురుగ్రామ్
ఫిబ్రవరి 16

పిన్నీ,

పని అయిపోయింది. వచ్చే వారం మీ వైపు సొసైటీలన్నిటికీ వదులుతున్నారు. నీ చిట్కాలు చూసి మా హైదరాబాద్ టీమ్ వాళ్లు ఎవరు రాశారని అడిగారు. మా పిన్ని అంటే నమ్మలేదు.

రఘువీర్‌కి తెలుగు రాదు కానీ పొడుగు తెలుస్తుంది. కాబట్టి నాలుగోది కొంచెం కత్తిరించాల్సి వచ్చింది. మిగతా నాలుగూ అక్షరం మార్చలేదు.

మార్చిలో మా రివ్యూలు. ఈ పని బాగా నడిస్తే నన్ను సీనియర్ని చేస్తారట. నీకు చీర కొనిపెడతానంటే తిడతావు కాబట్టి వచ్చి ఒకరోజు నీ దగ్గర పడుకుంటాను.

హారిక

*

కాకినాడ
మార్చి 4

హారికా,

మీ అమ్మ మోకాలి ఆపరేషన్ బాగానే జరిగింది. నడవమంటే మాత్రం కుర్చీకి అతుక్కుపోతోంది. అక్కని నడిపించేదాకా నేను కదలను, అంటే నలభై రోజులు ఇక్కడే.

ఊరెళ్లేవాళ్లు పనివాళ్ల పాస్ ఆపి వెళ్లాలని మా సెక్రటరీ భీమేశ్వరరావు గారు సర్క్యులర్ తీశారు. ఆయన సర్క్యులర్లలో క్రియ ఎక్కడుందో వెతుక్కోవాలి, అయినా సర్క్యులర్ సర్క్యులరే. సరోజ్‌కి సెలవిచ్చాను. మిగతా ఆరిళ్లున్నాయి కదా, ఆమెకు చేతినిండా పనే. రైలెక్కేముందు ఫోన్లో పాస్ ఆపాను. నిజం చెప్పాలంటే నా వాక్యం తెర మీద ఎలా ఉంటుందో చూద్దామన్న ముచ్చట కూడా ఉంది. "కొన్నాళ్లు పని వద్దనుకుంటే ఇది నొక్కండి." చక్కగా ఉంది. తర్వాతి రెండు వాక్యాలూ కనబడలేదు, ఆ ప్రశ్న కూడా రాలేదు. ఒక్క నొక్కుతో అయిపోయింది. ఎవరి ఇంటికి వాళ్లకే ఆగేలా మీరే ఏర్పాటు చేసుంటారు. అలాగైతే ఇంకా మంచిది. నా రెండు వాక్యాలూ పోయినందుకు బాధలేదు.

రివ్యూ ఎప్పుడో రాయి. మీ అమ్మ రోజూ అడుగుతోంది.

పిన్ని

*

గురుగ్రామ్
మార్చి 9

పిన్నీ,

అమ్మని ఉదయం ఎండ రాకముందే నడిపించు, అప్పుడైతే మాట వింటుంది. ఫిజియో ఆయన నంబరు పంపాను.

రివ్యూ ఈ శుక్రవారం. మా ఫీచర్ చాలా బాగా నడుస్తోంది. ఇదివరకు ఒక పాస్ ఆపాలంటే సగటున రెండు రోజులు పట్టేది, ఇప్పుడు ఆరు సెకన్లు. నాలుగో చిట్కా గురించి నువ్వు రాసింది చదివాను. తీరిగ్గా రాస్తాను. ఈ వారం ఊపిరి సలపడం లేదు.

హారిక

*

మయూర్ విహార్
ఏప్రిల్ 14

హారికా,

మొన్న శనివారం ఇల్లు చేరాను. ఆదివారం సరోజ్ రాలేదు, నిన్న రాలేదు, ఇవాళా రాలేదు. గేటు దగ్గరికి వెళ్లి గార్డుని అడిగాను. "ఉస్‌కా పాస్ తో కబ్ కా బంద్ హై, మేడమ్. పూరీ కాలనీ సే." ఆమె పాస్ కాలనీ మొత్తానికీ ఎప్పుడో ఆగిపోయిందట. ఎందుకని అడిగితే గొంతు తగ్గించాడు. నాకేమో వినపడదు. గట్టిగా చెప్పమంటే "చోరీ" అని అరిచాడు. గేటు దగ్గరున్నవాళ్లంతా తిరిగి చూశారు.

ఏ మహానుభావులో మీ కొత్త మీట నొక్కారు. నొక్కగానే మిగతా ఇళ్ల ఫోన్లకి కబురు వెళ్లిందట: "ఈ పనిమనిషిని ఒక నివాసి ఆపించారు. కారణం: ఇతరం." ఇతరం అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు, అందరికీ తోచింది ఒకటే. నెల తిరక్కుండా ఆరిళ్లవాళ్లూ కొత్త మనుషుల్ని పెట్టుకున్నారు.

పదకొండేళ్లు. నా బీరువా తాళాలు ఆమెకు తెలిసినంత నాకు తెలియవు. నాకు కడుపు మండిపోతోంది. త్రిలోక్‌పురిలో ఆమె ఉండే చోటికి మనిషిని పంపితే రానందట. సరే, అది నేను చూసుకుంటాను. నువ్వు చేయాల్సింది ఒకటే. ఎవరు నొక్కారో మీ కంప్యూటర్లలో ఉంటుంది. ఆ ఇంటి నంబరు నాకు కావాలి.

పిన్ని

*

గురుగ్రామ్
ఏప్రిల్ 18

పిన్నీ,

సరోజ్ దీదీ సంగతి చదివి చాలా బాధపడ్డాను. కానీ ఎవరు నొక్కారన్నది బయటికి చెప్పకూడదని మాకు గట్టి రూలు ఉంది. ఉద్యోగం పోతుంది. నువ్వు భీమేశ్వరరావు గారితో మాట్లాడి కొత్త పాస్ ఇప్పించు. జరిగిందేదో జరిగింది. ఎవరినీ అనుమానించకు, ఎవరితోనూ గొడవ పడకు. ఇది మాత్రం నిజంగా అడుగుతున్నాను.

నన్ను సీనియర్ని చేశారు. చెప్పాల్సిన సమయం కాదని తెలుసు. దాచినట్టుంటుందని రాశాను.

హారిక

*

మయూర్ విహార్
ఏప్రిల్ 26

సీనియర్ హారిక గారికి,

అభినందనలు.

మీ సలహా ప్రకారం భీమేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లాను. రిజిస్టర్ తీసేశారట. "ఎవరు ఆపారో వాళ్లే మళ్లీ ఇవ్వాలి అమ్మా. ఎవరు ఆపారో నాకు కూడా చూపించదు, కంపెనీకే తెలుసు" అన్నారు. సొసైటీ సెక్రటరీకి తెలియని సంగతి గురుగ్రామ్‌లో తెలుసు. చాలా బాగుంది.

మీ రెండో సలహా మాత్రం పాటించలేకపోయాను. మూడో అంతస్తు సాత్విక ఉందే, మనవాళ్లమ్మాయే, పోయిన ఏడాది వచ్చింది, సరోజ్ ఆ ఇంట్లో కూడా చేసేది. ఫిబ్రవరిలో గాజుగిన్నె పగిలిందని సరోజ్ మీద విసుక్కుందని నాకు గుర్తు. వెళ్లి అడిగాను. "నేను కాదు ఆంటీ, సచ్చీ" అంది. మెట్ల మీద నలుగురు వినేలా నువ్వే చేశావన్నాను. అబద్ధాలాడేవాళ్ల కళ్లు నాకు తెలుసన్నాను. ఆ పిల్ల ఏడ్చింది. ఏడుపు చూస్తే నిజమేననిపించింది, కానీ అప్పటికి నోరు జారింది.

నంబరు చెప్పకపోతే ఇంకా ఐదు గుమ్మాలున్నాయి. వరసగా వెళ్తాను.

అన్నపూర్ణేశ్వరి

*

గురుగ్రామ్
మే 1

పిన్నీ,

వెళ్లకు. ఆ నంబరు నీదే.

ఇంత నేరుగా రాయడానికి పది రోజులుగా ప్రయత్నిస్తున్నాను. నొక్కింది నువ్వే. మార్చి రెండో తారీఖు, పొద్దున. నీ తప్పు లేదు. 'మీ ఇంటికేనా, కాలనీ మొత్తానికా' అన్న ప్రశ్నని ఫిబ్రవరిలోనే తీసేశారు. పరీక్షలో అయిదుగురిలో ఒకరు ఆ ప్రశ్న దగ్గర ఆగి, నొక్కకుండా వెనక్కి వెళ్లిపోతున్నారు. రఘువీర్ దాన్ని అడ్డంకి అన్నాడు. ప్రశ్న పోయాక, నొక్కితే గేటు దగ్గరే ఆగిపోతుంది, అంటే కాలనీ మొత్తానికి. కారణం కూడా అడగకుండా 'ఇతరం' అని దానంతటదే పంపేస్తుంది. ప్రశ్నే లేనప్పుడు దాని గురించి నువ్వు రాసిన రెండు వాక్యాలు ఎందుకన్నారు. నేనే తీసేశాను. కత్తిరించానని నీకు రాసింది అదే.

నీ ఫోన్లోంచి పాస్ మళ్లీ ఇవ్వొచ్చు. మిగతా ఇళ్లవాళ్లు ఎవరికి వాళ్లు పేరు చేర్చుకోవాలి. నన్ను తిట్టు పిన్నీ, కానీ జవాబు రాయి.

హారిక

*

మయూర్ విహార్
మే 3

హారికా,

తిట్టను. ఫైలు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

జనవరి 19న నేను పంపిన డ్రాఫ్టు ఉంది. ఫిబ్రవరి 16న కొంచెం కత్తిరించామన్న నీ జవాబు ఉంది. మార్చి 4న కాకినాడ నుంచి నేను రాసిన ఉత్తరం ఉంది. పాస్ ఆపానని, ప్రశ్న రాలేదని, మా ఇంటికి మాత్రమే ఆగిందనుకుంటున్నానని అందులో పూసగుచ్చినట్టు రాశాను. మార్చి 9న నువ్వు చదివానన్నావు. తీరిగ్గా రాస్తానన్నావు.

అంటే సరోజ్ గేటు బయట నిలబడి వారమైన రోజున, ఆమెను నిలబెట్టింది నేనేనని నీకు తెలుసు. నాకు తెలియదు. ఒక్క ముక్క రాసుంటే కాకినాడలో కూర్చునే ఆ పాస్ మళ్లీ ఇచ్చేదాన్ని. భీమేశ్వరరావు చేత ఆరిళ్లకీ కబురు పెట్టించేదాన్ని. అప్పటికింకా ఎవరూ కొత్తవాళ్లని పెట్టుకోలేదు.

నేను అర్థం చేసుకున్నది నిజమేనా కాదా, అదొక్కటే రాయి.

అన్నపూర్ణేశ్వరి

*

గురుగ్రామ్
మే 5

పిన్నీ,

నిజమే.

నీ ఉత్తరం చదవగానే తెలిసింది. శుక్రవారం రివ్యూ. ఆ మీట వల్ల ఎవరికైనా నష్టం జరిగిందని అప్పుడు నా నోటితో చెబితే నా పనే తప్పని నేనే ఒప్పుకున్నట్టు. రివ్యూ అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతావని భయపడ్డాను. ఈలోగా గేటు దగ్గర ఎవరో ఒకరు సరిచేసే ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను.

ప్రశ్న తిరిగి పెట్టమని నిన్న రఘువీర్‌ని అడిగాను. సరోజ్ దీదీ సంగతి చెప్పాను. "వెరీ సాడ్, యార్. లేకిన్ ఏక్ కేస్ హై" అన్నాడు, ఒక్క కేసే కదా అని. పెట్టరు.

నేను వచ్చి ఆ ఆరిళ్లకీ చెప్పనా? సెలవు పెడతాను.

హారిక

*

మయూర్ విహార్
మే 18

హారికా,

నువ్వు రావద్దు. నేనే వెళ్లాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నీ తారీఖులన్నీ వరసగా రాశాను గానీ నాది ఒకటి దాచాను. కాకినాడలో ఉండగా సరోజ్ నాకు పదకొండుసార్లు ఫోన్ చేసింది. చూశాను. ఫోన్లో నాకు వినపడదు, నిజమే. కానీ మీ అమ్మ పక్కనే ఉంది, అక్క చేత మాట్లాడించవచ్చు. సెలవు ఎప్పటిదాకా అని అడుగుతుంది కాబోలు, వెళ్లాక చూద్దాంలే అని ఫోన్ బోర్లా పెట్టేశాను. నీది భయం. నాది బద్ధకం. సరోజ్‌కి రెండూ ఒకటే.

పాస్ మళ్లీ ఇచ్చి, రిక్షాలో త్రిలోక్‌పురి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టింది. ఎంత సన్నబడిందో. పని పోయాక ఇల్లెలా గడిచిందో, అప్పుల వడ్డీలు, పిల్లల చదువులు, వాటి గురించి ఏమీ అనలేదు. నేను నోరు తెరిచేలోపు, నాకు వినపడాలని దగ్గరికి వచ్చి, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "మేడమ్, ఆప్ కే ఘర్ సే క్యా గయా? ఏం పోయిందో చెప్పండి. మీరు వెళ్లిన మర్నాడే నన్ను ఆపారు. అంటే మీరే కదా. రెండు నెలలుగా మీ ఇల్లంతా మనసులో వెతుకుతున్నాను. స్టీలు డబ్బాలు, దేవుడి దగ్గర వెండి దీపపు కుంది, బిటియా గొలుసు. ఏది పోయిందో తెలిస్తే ఎక్కడుందో నేను చెప్పగలను."

ఏమీ పోలేదన్నాను. పొరపాటున నొక్కానన్నాను. "ఆ మాట ఆరిళ్లకీ చెప్పండి. అప్పుడు వస్తాను" అంది.

నిన్న ఆదివారం పొద్దున్నే వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని. లోపలికి రానంటే గేటు పక్క బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే మెట్లెక్కాను. మొదటి నాలుగిళ్లలోనూ విన్నారు. "అచ్ఛా ఆంటీ, ఠీక్ హై, లేకిన్ అబ్ దూస్‌రీ రఖ్ లీ" అన్నారు, ఇప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారట. అయిదో ఇంటావిడ నా చెయ్యి పట్టుకుంది. "మీది మంచి మనసు, ఆంటీ. మీ సామాను పోయినా దాన్ని కాపాడుతున్నారు" అంది. ఏమీ పోలేదు తల్లీ, తప్పు నాదే అంటే, నవ్వి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆఖర్న సాత్విక. తలుపు సగమే తీసింది. "మొన్న నేనే చేశానన్నారు ఆంటీ. అబద్ధాలాడేవాళ్ల కళ్లు మీకు తెలుసన్నారు. ఇవాళేమో చేసింది మీరేనంటున్నారు. మీ మాట ఏది నమ్మాలి?" అంది. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. తలుపు వేసుకుంది.

కిందికి దిగడానికి నాకు చాలాసేపు పట్టింది. సరోజ్ నన్ను చూసి లేచి నిలబడింది. అందరూ సరేనన్నారని అబద్ధం ఆడవచ్చు. ఆడలేదు. ఎవరూ నమ్మలేదని చెప్పాను.

ఆమె కోప్పడలేదు. కొంగు సర్దుకుంటూ, "మేడమ్, లోపల మీరు ఏం చెప్పారో నేను వినలేదు కదా" అంది.

ఆమె బస్సు స్టాపు వైపు వెళ్లిపోయింది. వాళ్లు నమ్మలేదన్నది నాకు అంత బాధగా లేదు. నేను ఏ గుమ్మంలోనూ నిజం చెప్పి ఉండనని ఆమె అనుకుంటోంది, హారికా. పదకొండేళ్ల తర్వాత నన్ను ఆమె అలా అనుకుంటోంది.

అన్నపూర్ణేశ్వరి